కనుబొమలతో జవాబు చెప్పే పిల్లల కోసం: నునావుట్ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నునావుట్ శాసనసభ్యులకు,

నమస్కారం.

ఈ ఉత్తరం మీకు ఇంగ్లీషులో కూడా పంపుతున్నాను. కానీ ముందు తెలుగులోనే రాశాను. అమ్మభాషలో చదువు గురించి రాస్తూ నా అమ్మభాషను పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. కెనడాలో స్థిరపడ్డ మా తెలుగువాళ్లలో చాలామందికి కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్ అంటే మ్యాప్‌లో పైన తెల్లగా కనిపించే చోటు, అంతే. అక్కడి పిల్లలు ఎలా చదువుకుంటున్నారో, వాళ్ల భాష కోసం ఎవా ఆరియాక్ అనే ఆవిడ ఏం చేశారో మావాళ్లకు కూడా తెలియాలి.

నేను లెక్కల టీచర్ని. శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదువుకున్నాను. కెనడా వచ్చాక నునావుట్‌లోని బాఫిన్ దీవిలో ఒక చిన్న ఊరి బడిలో మూడేళ్లు పనిచేశాను. ఆ ఊరి పేరు రాయను. నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లను ఎవరూ ఆరా తీయకూడదు.

మొదటి వారం సంగతి చెబుతాను. ఐదో తరగతి, భిన్నాల పాఠం. బోర్డు మీద రొట్టె బొమ్మ గీసి సగం, పావు చెప్పాను. "అర్థమైందా?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. కనుబొమలు పైకెత్తి నా వైపే చూస్తున్నారు. అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చూపు. మూడోసారి చెప్పడం మొదలుపెట్టేసరికి వెనక కూర్చున్న అసిస్టెంట్ మెల్లగా లేచి వచ్చింది. "సార్, వాళ్లు ఇందాకటి నుంచీ అవునంటున్నారు" అంది. కనుబొమలు ఎత్తితే అవును, ముక్కు చిట్లిస్తే కాదు. మీ ఊళ్లలో పాకే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. ఆ పిల్లలకు చదువు చెప్పడానికి వేల కిలోమీటర్ల అవతలి నుంచి తెచ్చిన టీచర్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒకరోజు మాటల లెక్కలు ఇచ్చాను. కూడికలు, గుణకారాలు చకచకా చేసే పిల్లలు ఇంగ్లీషు వాక్యంలో పెట్టిన లెక్క దగ్గర ఆగిపోయారు. వారం రోజులు తిప్పలు పడ్డాను. చివరికి ఆ అసిస్టెంటే ఇంటి నుంచి పాలావ్గాక్ తెచ్చింది. పెనం మీద కాల్చే మందపాటి రొట్టె అది. కత్తితో కోస్తూ, అక్కడి మూలవాసులైన ఇనూయిట్ల భాష ఇనుక్టిటుట్‌లో అడుగుతూ, ముక్కలు పంచుతూ పావుగంట మాట్లాడింది. నేను మూగవాళ్లనుకున్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తూ జవాబులు చెప్పారు. కిటికీ పక్కన కూర్చునే ఒక పాప ఆ ఏడాదంతా నా పీరియడ్‌లో పది మాటలు మాట్లాడి ఉండదు. ఆరోజు మాత్రం తను లేచి, పక్కపిల్లాడి తప్పు దిద్ది, ముక్కలు లెక్కపెట్టి మరీ చూపించింది. కాగితాల మీద ఆ అసిస్టెంట్ టీచర్ కాదు. టీచర్ని నేను.

ఆ పిల్లలు మూడో తరగతి దాకా ఇనుక్టిటుట్‌లో చదువుకున్నారు. నాలుగులోకి రాగానే అన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. వాగు దాటడానికి వేసిన దుంగ నడిమధ్యలో అయిపోతే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది ఆ నాలుగో తరగతి. ఈవలి ఒడ్డున అమ్మభాష ఇంకా గట్టిపడలేదు. ఆవలి ఒడ్డున ఇంగ్లీషు అందలేదు.

ఈ మౌనం నాకు కొత్తది కాదు. మా హైస్కూల్లో సీతంపేట కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే సవర గిరిజన పిల్లలుండేవాళ్లు. నా బెంచీలోనే ఒకడు కూర్చునేవాడు. మాస్టారు అడిగితే తల దించుకునేవాడు. మొద్దు అనేవాళ్లు వాణ్ణి, నేను కూడా అన్నాను. సెలవుల్లో ఒకసారి సంతలో వాళ్లమ్మ పక్కన కూర్చుని చింతపండు, కొండచీపుర్లు అమ్ముతూ కనబడ్డాడు. తన భాషలో తనవాళ్లతో ఎంత గలగలా మాట్లాడుతున్నాడో, నోటిలెక్కలు ఎంత చురుగ్గా కడుతున్నాడో అప్పుడు చూశాను. వాడికి తెలుగే ఇంగ్లీషు. మీ పిల్లల మీద ఇంగ్లీషు ఎంత బరువు మోపిందో, వాడి మీద నా భాష అంత బరువు మోపింది. బాఫిన్ దీవిలో ఆ పాప నోరు విప్పిన రోజు నాకు గుర్తొచ్చింది వాడే.

మా ప్రాంతంలో వందేళ్ల కిందటే ఈ సంగతి పట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నారు, గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకు జీతాలిచ్చి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. తెలుగులో జనం మాట్లాడే భాషకు పుస్తకాల్లో చోటు దొరకాలని పోరాడింది కూడా ఆయనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మేం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. నన్నడిగితే ఆరోజు సవరవాళ్లు కూడా పండగ చేసుకోవాలి. ఆయన తర్వాత చాలా దశాబ్దాలకు, 2004 ప్రాంతంలో మా ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, గోండి లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. అది కూడా కొన్ని బడుల్లోనే, మొదటి తరగతుల వరకే. అందుకే మీకు ఉత్తరం రాస్తున్నానంటే మా ఇల్లు చక్కదిద్దుకుని వచ్చి మీకు బుద్ధులు చెబుతున్నానని దయచేసి అనుకోవద్దు.

ఎవా ఆరియాక్ గారి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మావాళ్ల కోసం చెబుతాను. 1955లో ఆర్కిటిక్ బేలో పుట్టారు. ఆ తరం ఇనూయిట్ పిల్లల్లో ఎంతోమందిని పై చదువుల కోసం విమానాలెక్కించి చర్చిల్ దాకా, ఇంకా దూరాలకూ పంపేవాళ్లు. పిల్లల్ని ఇళ్ల నుంచి దూరం చేసి పెట్టిన ఆ రెసిడెన్షియల్ స్కూళ్లలో సొంత భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవాళ్లున్నారు. 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్ల నేల, 25 ఊళ్లు, ఊరికీ ఊరికీ మధ్య రోడ్డే లేదు. 2021 లెక్కల ప్రకారం జనాభా 36,858, అంటే మా దగ్గర ఒక చిన్న మండలంలో ఉండే జనం. అందులో నూటికి 85 మంది దాకా ఇనూయిట్లు. ఆ కొత్త ప్రభుత్వంలో మొట్టమొదటి భాషల కమిషనర్ ఆరియాక్ గారు. 2004 దాకా ఆ పదవిలో ఉన్నారు.

ఆ రోజుల్లో ఆవిడ చేసిన ఒక పని నాకు బాగా ఇష్టం. ఇంటర్నెట్‌కు ఇనుక్టిటుట్‌లో మాట కావలసి వచ్చింది. మేం తెలుగులో అంతర్జాలం అని సంస్కృతం కలిపి కట్టుకున్నాం. అది పుస్తకాల్లో మిగిలింది, నోళ్లలో నెట్ అనే వాడుతున్నాం. ఆరియాక్ గారు బయట వెతకలేదు. పూర్వం మంత్రగాళ్లు ఉన్నచోట కూర్చునే లోకాల పొరలు దాటి వెళ్లి, దూరాన ఉన్నవాళ్ల క్షేమం తెలుసుకుని వచ్చేవాళ్లని పెద్దలు చెప్పుకునే మాట ఒకటి ఉంది, ఇకియాక్కివిక్ అని. పొరల్లోంచి ప్రయాణం చేయడం అని దాని అర్థం. ఆ మాటే తీసుకున్నారు. ఇగ్లూ కట్టిన భాష కంప్యూటర్‌కు పనికొస్తుందా అని అడిగేవాళ్లకు అంతకంటే మంచి జవాబు నేనైతే వినలేదు. భాషకు సత్తువ లేక కాదు మీ పిల్లలు ఏడో తరగతి సైన్సు ఇంగ్లీషులో చదువుతున్నది.

నేను పనిచేసిన బడిలో గోడ మీద ఇనుక్టిటుట్ అక్షరాల చార్టు ఉండేది. అది చూసి నేను ఆశ్చర్యపోయాను. అచ్చం మా గుణింతమే! హల్లుకు ఒకటే ఆకారం. దాని కొస పైకి చూస్తే "పి", కుడివైపు తిరిగితే "పు", ఎడమవైపు తిరిగితే "ప". అచ్చు లేకుండా హల్లు ఒక్కటే పలకాలంటే చిన్నగా పైన రాస్తారు, మా పొల్లులాగా. పక్కన నేను తెలుగు ప గుణింతం రాసి చూపించాను. పిల్లలు దాని తలకట్టు, గుడి, కొమ్ము చూసి, మీకు ఇన్నెందుకు అని నవ్వారు. వాళ్ల లెక్క కూడా అందమైనదే. ఇరవైని అవాటిట్ అంటారు. కాళ్లూ చేతులూ అని. అన్ని వేళ్లూ కలిపితే ఒక పూర్తి మనిషి, ఇరవై. లెక్కల టీచర్‌కు అంతకంటే ఏం కావాలి? ఆ దారిన స్థానవిలువలు చెప్పి ఉంటే ఎంత బాగా పట్టుకునేవాళ్లో. నాకు ఆ భాష రాదు.

2006లో మాజీ జడ్జి థామస్ బెర్గర్ గారు ఇచ్చిన నివేదిక మీ అందరికీ తెలుసు. ఇనూయిట్ పిల్లల్లో నూటికి 25 మందే హైస్కూలు పూర్తి చేస్తున్నారని, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇనూయిట్లు 45 శాతమే ఉన్నారని, ఈ రెండింటికీ మూలం చదువులో భాషను మధ్యలో తెంచేయడమేనని ఆయన రాశారు. 2008 జూన్‌లో కెనడా ప్రధాని రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే ఏడాది సెప్టెంబరులో మీ సభ రెండు చట్టాలు చేసింది, విద్యా చట్టం ఒకటి, ఇనూయిట్ భాష రక్షణ చట్టం ఒకటి. మూడో తరగతి దాకా ఇనుక్టిటుట్‌లో చదువుకునే హక్కు 2009 నుంచి, మిగతా తరగతులన్నింటికీ 2019 నుంచి. తేదీ వేసి మాట ఇచ్చారు. ఆ చట్టం పేజీలు చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆ మరుసటి నెలలో జరిగిన ఎన్నికల్లో ఆరియాక్ గారు రాజధాని ఇకాలుయిట్‌లోని ఇకాలుయిట్ ఈస్ట్ నియోజకవర్గం నుంచి గెలిచారు. ఆరోజు గెలిచినవాళ్లలో ఆడవాళ్లు ఆవిడ ఒక్కరే. మీ సభలో పార్టీలు లేవు, సభ్యులే ప్రీమియర్‌ని, అంటే మా ముఖ్యమంత్రి లాంటివారిని, ఎన్నుకుంటారు. ఆ పదవికి సభ్యులు ఆవిణ్ణి ఎన్నుకున్నారు. రాగానే ఊరూరా జనాన్ని అడిగి సొంత ప్రభుత్వం మీదే రిపోర్ట్ కార్డు రాయించారు. తర్వాత విద్యాశాఖ కూడా తన దగ్గర పెట్టుకున్నారు. 2011లో క్లైడ్ రివర్ అనే ఊళ్లో పిక్కుసిలిరివిక్ తెరిచారు. వేట, కుట్టుపని, ఆ మంచు నేల మీద బతికే తీరు, భాష అన్నీ పెద్దల దగ్గర ఇనుక్టిటుట్‌లోనే నేర్చుకునే బడి అది.

అన్నీ అయిపోయాయని అనను. ఆవిడ హయాంలో కూడా ఇనుక్టిటుట్ వచ్చిన టీచర్లు కావలసినంతమంది తయారు కాలేదు. 2013లో కెనడా ఆడిటర్ జనరల్ ఆ మాటే రాశారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు. 2021లో నునావుట్ కమిషనర్‌గా, అంటే మా గవర్నర్ లాంటి పదవిలోకి, మళ్లీ వచ్చారు. ఆవిడ మీద అభిమానంతో నేను లోపం దాచను. కానీ ఒక తేడా ఉంది. అప్పుడు 2019 అనే తేదీ చట్టంలో ఉంది. ఆలస్యమవుతుంటే అది ఆలస్యమే అని చెప్పడానికి ఒక గీత ఉంది.

ఆ గీతను మీరు చెరిపేశారు. 2017లో గడువు వాయిదా వేయాలని బిల్లు వస్తే మీ సభే ఒప్పుకోలేదు. అప్పుడు నేను ఒట్టావాలో మీ నిర్ణయం చదివి ఎంతో సంతోషపడ్డాను. 2020 నవంబరులో 25వ నంబరు బిల్లు వచ్చింది, పాసైపోయింది. ఇప్పుడు చట్టం చెబుతున్నది ఏమిటి? నాలుగు నుంచి పన్నెండు దాకా, 2026లో మొదలుపెట్టి 2039కి పూర్తి చేస్తారట. అదీ ఇనుక్టిటుట్ ఒక సబ్జెక్టుగా. లెక్కలు, సైన్సు, సోషల్ ఇనుక్టిటుట్‌లో చెప్పడానికి తేదీయే లేదు. మీడియం కావలసిన చోట ఒక పీరియడ్ ఇచ్చారు. మరుసటి ఏడాది ఇనూయిట్ల తరఫున నిలిచే నునావుట్ టున్నగావిక్ సంస్థ కోర్టుకు వెళ్లింది. సొంత భూమి, సొంత సభ తెచ్చుకున్న జనం, సొంత భాష కోసం ఆ సభ మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఒక్కసారి వయసు లెక్క కట్టి చూడండి. చట్టం అమల్లోకి వచ్చిన 2009లో ఐదేళ్ల పాప కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఆమె బడి దాటేలోపు, 2019 కల్లా, పన్నెండు దాకా అన్ని తరగతుల్లో ఇనుక్టిటుట్ చదువు వస్తుందని ఆ రోజు ఆమె తల్లికి చట్టం చెప్పింది. 2039కి ఆ పాపకు 35 ఏళ్లొస్తాయి. అప్పటికి ఆమె పిల్లలు కూడా ఇంగ్లీషు మీడియంలోనే బడి దాటేస్తుంటారు. 2001లో నునావుట్‌లో ఇనూయిట్ భాష అమ్మభాషగా ఉన్నవాళ్లు 72 శాతం. 2016కి 65. ఆమె తన పిల్లలతో ఇంట్లో ఏ భాషలో మాట్లాడుతుంది?

టీచర్లు లేరు, ఏం చేయమంటారు అని మీలో చాలామంది అంటారు. నిజమే, లేరు. కానీ ఎందుకు లేరో నేను లోపల ఉండి చూశాను. నేను దిగేసరికి ఫర్నిచర్‌తో సహా ఇల్లు సిద్ధంగా ఉంది. పాలావ్గాక్ కోసి భిన్నాలు చెప్పిన ఆవిడ తొమ్మిది మందితో ఒకే ఇంట్లో ఉండేది. టీచర్ ట్రైనింగ్‌కు వెళ్లాలని ఆవిడకు కోరిక. మీ టీచర్ ట్రైనింగ్ 1979 నుంచీ నడుస్తోంది, అక్కడ చదివి ఊళ్లలో పాఠాలు చెప్పే ఆడవాళ్లను చూసే ఆవిడకు ఆ కోరిక పుట్టింది. కానీ వేరే ఊరు వెళ్లాలంటే విమానం ఎక్కాలి, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఉన్న జీతం ఆగితే ఇల్లెలా గడుస్తుంది అనేది. మూడేళ్లూ అదే మాట. దక్షిణ కెనడా నుంచి నాతో వచ్చిన టీచర్లలో మూడో ఏడాదికి నేనొక్కణ్ణే మిగిలాను. తర్వాత నేను కూడా వచ్చేశాను. మా స్థానంలో మళ్లీ కొత్తవాళ్లు దిగారు, వాళ్లకు మళ్లీ ఇళ్లిచ్చారు. ఆవిడ మాత్రం అక్కడే, ఆ వెనక కుర్చీలోనే ఉంది.

తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారనే మాట కూడా విన్నాను. మా ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019లో ప్రభుత్వ బడుల్లో అంతా ఇంగ్లీషు మీడియం చేయాలని జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవలో పేద తల్లిదండ్రులు చాలామంది ఇంగ్లీషు వైపే ఉన్నారు. వాళ్లను తప్పు పట్టను. ఉద్యోగాలు ఏ భాషలో ఉంటే అందరి చూపూ అటే ఉంటుంది. కానీ నేను తెలుగులో లెక్కలు నేర్చుకుని ఇంగ్లీషులో లెక్కలు చెప్పి బతుకుతున్నాను. పది దాకా బుర్రకు అందిన చదువు తర్వాత ఏ భాషలోకైనా మారుతుంది. నాలుగులో తెగిపోయింది ఎక్కడికి మారుతుంది? మీ పక్కనే గ్రీన్‌లాండ్ ఉంది, అక్కడ సుమారు 56 వేల మంది. అక్కడి పిల్లలు బడిలో ఎక్కువగా తమ భాషలోనే చదువుకుంటున్నారు, 2009 నుంచి అదొక్కటే అక్కడ అధికార భాష. ఇకాలుయిట్‌లోనే ఒక ఫ్రెంచ్ బడి ఉంది. కొద్దిమంది ఫ్రెంచ్ పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. అది ఉండాల్సిందే. మరి నునావుట్ మొత్తంలో ఎక్కువమంది అమ్మభాషకు ఆ హక్కు ఎందుకు లేదు?

నేను అడిగేది పెద్ద పెద్దవి కావు. ముందు, లెక్కలు, సైన్సు ఇనుక్టిటుట్‌లో చెప్పడానికి చట్టంలో మళ్లీ ఒక తేదీ రాయండి. అది 2039కి ముందు ఉండాలి. తర్వాత, టీచర్ ట్రైనింగ్‌ను జనం దగ్గరికి పంపండి. నా బడిలోని అసిస్టెంట్ లాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పనిలో ఉంటూనే, జీతం ఆగకుండా, ఊళ్లోనే చదువుకుని టీచరయ్యే దారి వాళ్లకు చూపించండి. బయటినుంచి వచ్చే నాలాంటివాళ్ల కోసం కట్టే ఇళ్లలో మొదటిది వాళ్లకివ్వండి. పెద్దలను సర్టిఫికెట్ ఇచ్చి తరగతి గదిలోకి తీసుకునే వీలు మీ చట్టంలోనే ఉంది. మనవళ్లతో ముచ్చట్లకు పిలిచినట్టు ఏడాదికోసారి కాకుండా, టైమ్ టేబుల్లో పెట్టి, సరైన జీతమిచ్చి పిలవండి. ఆ పెద్దల వయసు మీకు నేను గుర్తు చేయాల్సిన పనిలేదు. 2039 దాకా వాళ్లు ఆగలేరు.

ఇంకొక్క మాట. మీ తర్వాతి బడ్జెట్ సమావేశంలో ఎవరైనా ఒక సభ్యులు లేచి విద్యామంత్రి గారిని ఈ ప్రశ్న అడగండి: ఇనుక్టిటుట్ మాట్లాడుతూ క్లాసు అసిస్టెంట్లుగా పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందిని వచ్చే ఐదేళ్లలో టీచర్లను చేస్తున్నారు? జవాబు అంకెల్లో రావాలి. ఇనుక్టిటుట్‌లో రావాలి. రేడియోలో అది వినిపిస్తే, నేను పనిచేసిన ఊళ్లో ఒక వంటింట్లో ఒకావిడ చేతిలో పని ఆపి వింటుంది.

మీ
ఒక పాత లెక్కల మాస్టారు,
ఒట్టావా